కణవర్ధనాల్లో బాక్టీరియా కాలుష్యం – క్రోమోసోమ్ అధ్యయనాలు: ఒక చరిత్ర

ఉద్దేశాలు

ఈ పాఠం చదివాక మీరు కింది విషయాలను వివరించగలుగుతారు:
(అ) మానవ క్రోమోసోముల అధ్యయనం కణవర్ధనంపై ఎందుకు ఆధారపడవలసి వచ్చింది;
(ఆ) యాంటీబయాటిక్‌ల రాకతో వర్ధనాల్లోని కాలుష్యం స్వభావం ఎలా మారింది;
(ఇ) మైకోప్లాస్మాలు క్రోమోసోములను ఎలా దెబ్బతీస్తాయి, ఆ సంగతి ఎలా బయటపడింది;
(ఈ) సూక్ష్మదర్శినిలో కనిపించిన మార్పు రోగికి సంబంధించినదా, వర్ధనానికి సంబంధించినదా అని ఎలా నిర్ణయిస్తారు.

1. పరిచయం

మానవ క్రోమోసోముల గురించి మనకు తెలిసిన దానిలో ఎక్కువ భాగం గాజుపాత్రల్లో పెంచిన కణాల నుంచి తెలిసినదే. క్రోమోసోములు స్పష్టంగా కనిపించేది కణం విభజన చెందుతున్నప్పుడు, అందులోనూ మధ్యస్థదశలో. శరీరంలోని చాలా కణజాలాల్లో ఏ క్షణంలో చూసినా విభజనలో ఉన్న కణాలు బహు తక్కువ. అందువల్ల కణాలను బయటికి తీసి, పోషక యానకంలో పెంచి, విభజన చెందేటట్లు చేసి, ఆ స్థితిలో ఆపి చూడవలసి వస్తుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. కణాలకు మనం సిద్ధం చేసే యానకంలో గ్లూకోజు, అమైనో ఆమ్లాలు, విటమిన్లు, సీరం ఉంటాయి. దాన్ని 37 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనంలో ఉంచుతాం. ఇది కణాలకు ఎంత అనుకూలమో బాక్టీరియాకూ అంతే అనుకూలం. పైగా కణం ఒకసారి విభజన చెందడానికి సుమారు ఒక రోజు తీసుకుంటే, అనేక బాక్టీరియాలకు అరగంట చాలు. కాబట్టి కణవర్ధనం చరిత్రను కాలుష్యంతో చేసిన పోరాటపు చరిత్ర అని కూడా అనవచ్చు. ఆ పోరాటంలో ఒక దశలో శత్రువు కనిపించకుండా పోయింది. శాస్త్రజ్ఞులు దాన్ని ఓడించామనుకున్నారు. నిజానికి అది లోపలే ఉండి క్రోమోసోములను విరుస్తూ వచ్చింది. ఈ పాఠంలో ప్రధాన విషయం అదే.

2. శుభ్రతే ప్రాణంగా ఉన్న కాలం

1907లో అమెరికాలో రాస్ హారిసన్ కప్ప పిండం నుంచి తీసిన నాడీ కణజాలాన్ని గడ్డకట్టిన శోషరసపు బిందువులో ఉంచి, నాడీతంతువులు పెరగడాన్ని కళ్లారా చూశాడు. జంతుకణాలను శరీరం వెలుపల పెంచే విద్యకు ఇది నాంది. తర్వాత న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో అలెక్సిస్ కారెల్ 1912లో కోడిపిల్ల పిండం గుండె నుంచి ప్రసిద్ధమైన వర్ధనాన్ని ప్రారంభించాడు. కారెల్ వృత్తిరీత్యా శస్త్రవైద్యుడు. శస్త్రచికిత్స గదిలో పాటించే నియమాలన్నిటినీ ఆయన వర్ధనశాలకు తెచ్చాడు. క్రిమిరహితం చేసిన పరికరాలు, ప్రత్యేక దుస్తులు, దుమ్ము లేని గదులు తప్పనిసరి అయ్యాయి.

ఆనాడు యాంటీబయాటిక్‌లు లేవు. ఒక్క బాక్టీరియా కణం పడినా పాత్ర మొత్తం పాడయ్యేది. అందువల్ల ఈ విద్య కొద్దిమంది నిపుణుల చేతిలోనే ఉండిపోయింది. అయితే ఆ నిస్సహాయతలోనే ఒక మేలు ఉంది. పాత్ర శుభ్రంగా ఉంటే కణాలు బతికేవి, లేకుంటే చచ్చేవి. మధ్యస్థంగా ఉండే స్థితి అరుదు.

3. క్రోమోసోముల సంఖ్య 46 అని తేలిన వైనం

1923లో టెక్సస్‌లో థియోఫిలస్ పెయింటర్ వృషణ కణజాలపు కోతలను పరిశీలించి, మానవ క్రోమోసోముల సంఖ్య 48 అని ప్రకటించాడు. కోతల్లో క్రోమోసోములు ఒకదానిమీద ఒకటి పడి ఉండేవి. అయినా ఆ సంఖ్య మూడు దశాబ్దాలకు పైగా పాఠ్యపుస్తకాల్లో నిలిచిపోయింది.

దాన్ని మార్చింది కణవర్ధనమే. 1952లో టి.సి. షూ, గాఢత తక్కువగా ఉన్న ఉప్పు ద్రావణంలో ఉంచితే కణాలు ఉబ్బి క్రోమోసోములు విడివిడిగా పరచుకుంటాయని చూపాడు. విభజనను మధ్యస్థదశలో ఆపడానికి కాల్చిసిన్ ఉపయోగపడింది. 1955 చివరలో స్వీడన్‌లోని లుండ్‌లో జో హిన్ టియో, ఆల్బర్ట్ లెవాన్ నాలుగు మానవ పిండాల ఊపిరితిత్తుల నుంచి పెంచిన కణాలను పరిశీలించారు. 261 విభజనలను లెక్కించి, సంఖ్య 46 అని 1956లో ప్రచురించారు.

ఆ తర్వాత పరిణామాలు వేగంగా జరిగాయి. పారిస్‌లో మార్తె గోతియె నెలకొల్పిన వర్ధనాల ఆధారంగా, డౌన్ సిండ్రోమ్‌లో 21వ క్రోమోసోము మూడు ప్రతులుగా ఉంటుందని 1959లో లెజూన్, గోతియె, టుర్పాఁ ప్రకటించారు. 1960లో ఫిలడెల్ఫియాలో మూర్‌హెడ్, నోవెల్ తదితరులు కొద్దిపాటి రక్తంతో, ఫైటోహీమాగ్లుటినిన్ సహాయంతో మూడు రోజుల్లో తెల్ల రక్తకణాల వర్ధనం చేసే పద్ధతిని ఇచ్చారు. దాంతో క్రోమోసోమ్ పరీక్ష ఆసుపత్రికి చేరింది. సూక్ష్మదర్శినిలో కనిపించిన దాన్నిబట్టి ఒక కుటుంబానికి సమాధానం చెప్పే రోజులు వచ్చాయి.

4. యాంటీబయాటిక్‌లు ఇచ్చిన సౌలభ్యం

ఈ విస్తరణకు మరొక కారణం పెనిసిలిన్, స్ట్రెప్టోమైసిన్. 1940ల నుంచి ఈ రెండింటినీ యానకంలో కలపడం మొదలైంది. దీంతో కారెల్ తరహా కఠిన నియమాలు లేకుండానే సాధారణ ప్రయోగశాలలు కూడా కణాలు పెంచగలిగాయి. అదే సమయంలో చేతిపని కొంత సడలింది. ఆ రోజుల్లో ద్రవాలను పిపెట్‌తో నోటితో పీల్చి కొలవడం మామూలు సంగతి అని గుర్తుంచుకోండి.

ఇక్కడ మీరు రెండు రకాల కాలుష్యాల మధ్య భేదాన్ని గమనించాలి.

మొదటిది బయటికి కనిపించే కాలుష్యం. సాధారణ బాక్టీరియా చేరితే యానకం మసకబారుతుంది. బాక్టీరియా ఆమ్లాన్ని విడుదల చేస్తే యానకంలోని ఫినాల్ రెడ్ ఎరుపు నుంచి పసుపుకు మారుతుంది. కణాలు విభజన ఆపేస్తాయి. ఒకవేళ స్లైడు తయారుచేసినా మధ్యస్థదశలో ఉన్న కణాలు దొరకవు. దొరికిన కొన్నింటిలో క్రోమోసోములు సరిగా పరచుకోవు, పట్టీలు స్పష్టంగా రావు. ఈ వర్ధనాన్ని పారవేస్తారు. ఇందులో నష్టం ఉంది గాని మోసం లేదు.

రెండవది దాగి ఉండే కాలుష్యం. ఇందులో యానకం తేటగానే ఉంటుంది. కణాలు బతికే ఉంటాయి, విభజన కూడా చెందుతాయి. కాని ఆ విభజనల్లో కనిపించే క్రోమోసోములు రోగి శరీరంలో ఉన్నటువంటివి కాకపోవచ్చు. ఈ రెండవ రకానికి ముఖ్య కారణం మైకోప్లాస్మాలు.

5. మైకోప్లాస్మా అంటే ఏమిటి?

1898లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో నోకార్, రూ పశువుల ఊపిరితిత్తుల వ్యాధికి కారణమైన ఒక అతిసూక్ష్మ జీవిని వర్ధనం చేశారు. తర్వాత కనుగొన్న ఇటువంటి జీవులను చాలాకాలం పి.పి.ఎల్.ఓ. అని పిలిచారు. ఆ వ్యాధిజనకం వంటి జీవులు అని దాని అర్థం. ఇవే నేటి మైకోప్లాస్మాలు.

ఇవి బాక్టీరియాలే, కాని వీటికి కణకవచం లేదు. పెనిసిలిన్ పనిచేసేది కణకవచ నిర్మాణాన్ని అడ్డుకోవడం ద్వారా. కవచమే లేని జీవిని అది ఏమీ చేయలేదు. ఇవి చాలా చిన్నవి, ఆకారం మార్చుకోగలవు. అందుచేత 0.45 మైక్రోమీటర్ల రంధ్రాలున్న వడపోత పొరల గుండా దాటిపోతాయి. ఒక మిల్లీలీటరు యానకంలో కోటి నుంచి 10 కోట్ల వరకు ఉన్నా యానకం మసకబారదు. సాధారణ సూక్ష్మదర్శినిలో గుర్తుపట్టడం కష్టం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత వీటికి చక్కగా వర్తిస్తుంది.

వర్ధనాల్లో తరచుగా దొరికే జాతుల పేర్లు చూస్తే అవి ఎక్కడి నుంచి వచ్చాయో తెలుస్తుంది. మైకోప్లాస్మా ఒరాలె మనిషి నోటిలో ఉండేది. మైకోప్లాస్మా హయోరైనిస్ పందుల ముక్కులో ఉండేది. మైకోప్లాస్మా ఆర్జినిని, అకోలెప్లాస్మా లైడ్‌లావీ పశువుల నుంచి, ముఖ్యంగా యానకంలో కలిపే దూడ సీరం ద్వారా వస్తాయి. అంటే కాలుష్యానికి దారి చూపింది పనిచేసేవారి నోరు, వాడిన పదార్థాలు, ఒక పాత్ర నుంచి మరొక పాత్రకు మారే పరికరాలు.

6. రహస్యం బయటపడిన సంవత్సరాలు

మానవ క్రోమోసోముల సంఖ్య 46 అని ప్రచురితమైన 1956లోనే రాబిన్సన్, విఖెల్‌హౌసెన్, రాయిజ్‌మన్ మానవ కణవర్ధనాల్లో పి.పి.ఎల్.ఓ. కాలుష్యాన్ని తొలిసారిగా ప్రకటించారు. అది కనిపించినది హీలా కణాల్లో. 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే రోగి గర్భాశయముఖ క్యాన్సర్ నుంచి జాన్స్ హాప్కిన్స్‌లో జార్జ్ గై ప్రారంభించిన ఈ వర్ధనం అప్పటికే అనేక ప్రయోగశాలలకు చేరి ఉంది. తర్వాతి సంవత్సరాల్లో వెతికిన కొద్దీ ఇతర వర్ధనాల్లోనూ ఈ జీవులు దొరికాయి.

అప్పట్లో ఒక వాదం ఉండేది. పెనిసిలిన్ ప్రభావంతో మామూలు బాక్టీరియాలే కవచం కోల్పోయి ఇలా మారుతున్నాయని కొందరు భావించారు. డి.ఎన్.ఎ. పోలికలు వచ్చాక మైకోప్లాస్మాలు వేరే వర్గమని స్థిరపడింది.

ఈ జీవులు క్రోమోసోములను ఏమైనా చేస్తాయా అన్న ప్రశ్నకు 1965లో సమాధానాలు వచ్చాయి. అమెరికాలో యోర్గెన్ ఫోగ్, హెల్గె ఫోగ్ ఎఫ్.ఎల్. అనే కణవరసకు మైకోప్లాస్మాను సోకించి చూశారు. ఆ కణాల్లో క్రోమోసోముల సంఖ్య తగ్గింది. విచ్ఛేదాలు పెరిగాయి. మునుపు లేని ఆకారాల క్రోమోసోములు కనిపించాయి. అదే ఏడాది బ్రిటన్‌లో పేటన్, జేకబ్స్, పెర్కిన్స్ సాధారణ మానవ ద్వయస్థితిక కణాల్లో కూడా మైకోప్లాస్మా వల్ల క్రోమోసోముల మార్పులు వస్తాయని చూపారు. 1967లో ఆవులా, నికల్స్ తెల్ల రక్తకణాల వర్ధనాల్లో ఈ ప్రభావాన్ని పరిశీలించారు. క్యాన్సర్ కణవరసల్లో క్రోమోసోములు ఎలాగూ అస్తవ్యస్తంగా ఉంటాయని కొట్టివేయడానికి ఇక వీలు లేకపోయింది.

1967లో ఫోగ్‌లు మరొక ముఖ్యమైన విషయం తెలిపారు. ఎఫ్.ఎల్. కణాల్లో మైకోప్లాస్మా కలిగించిన ప్రధానమైన మార్పులు వెనక్కి మళ్లేవి కావు. దీని భావం మీరు బాగా గ్రహించాలి. దొంగను వెళ్లగొట్టినంత మాత్రాన పోయిన సొత్తు తిరిగి రాదు. నేడు శుభ్రంగా ఉన్న వర్ధనం కూడా నిన్నటి కాలుష్యపు గుర్తులను మోస్తూ ఉండవచ్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. పెనిసిలిన్ మైకోప్లాస్మాలపై ఎందుకు పనిచేయదు?
2. 1965 నాటి రెండు పరిశోధనల్లో వాడిన కణాల మధ్య తేడా ఏమిటి? ఆ తేడా ఎందుకు ముఖ్యం?

7. క్రోమోసోములు ఎందుకు విరుగుతాయి?

ఇందుకు రెండు మార్గాలను ప్రధానంగా చెప్పుకోవచ్చు.

మొదటిది అర్జినైన్ కొరత. కొన్ని మైకోప్లాస్మాలు శక్తి కోసం చక్కెరకు బదులు అర్జినైన్ అనే అమైనో ఆమ్లాన్ని విచ్ఛిన్నం చేస్తాయి. యానకంలోని అర్జినైన్ త్వరగా అయిపోతుంది. మానవ కణాలకు వర్ధనంలో అర్జినైన్ అత్యవసరం. డి.ఎన్.ఎ.ను చుట్టి ఉంచే హిస్టోన్ ప్రోటీన్లలో అర్జినైన్ సమృద్ధిగా ఉంటుంది. అది లేకపోతే విభజన మందగిస్తుంది, క్రోమోసోములు దెబ్బతింటాయి. 1969లో ఫ్రీడ్, షాట్జ్ మైకోప్లాస్మా ప్రమేయం లేకుండానే, ఒక్కొక్క ఆవశ్యక అమైనో ఆమ్లాన్ని యానకం నుంచి తొలగించి, క్రోమోసోముల్లో అపస్థితులు వస్తాయని చూపారు. అంటే కణాన్ని పస్తు పెట్టడమే చాలు.

రెండవది కేంద్రకామ్లాలపై దాడి. మైకోప్లాస్మాల జీనోము చాలా చిన్నది. డి.ఎన్.ఎ. తయారీకి కావలసిన ముడిసరుకును అవి సొంతంగా సరిగా తయారుచేసుకోలేవు. అందువల్ల పరిసరాల్లోని కేంద్రకామ్లాలను తమ ఎంజైములతో ఛేదించి వాడుకుంటాయి, థైమిడిన్‌ను కూడా విచ్ఛిన్నం చేస్తాయి. దీనికి మరొక పర్యవసానం ఉంది. క్రోమోసోములు ఎప్పుడు ద్విగుణీకృతమవుతాయో తెలుసుకోవడానికి రేడియోధార్మిక థైమిడిన్‌ను వాడతారు. కలుషిత వర్ధనంలో ఆ గుర్తు కేంద్రకానికి చేరకుండా, బయట ఉన్న మైకోప్లాస్మాల్లో చేరుతుంది. కణం డి.ఎన్.ఎ. తయారుచేయడం లేదన్న తప్పుడు నిర్ణయానికి అది దారితీస్తుంది.

8. పణంగా ఉన్నవి ఏమిటి?

1964, 1965 సంవత్సరాలను మరొకసారి చూడండి. ఫాంకోని రక్తహీనత ఉన్న రోగుల కణాల్లో క్రోమోసోములు ఎక్కువగా విరుగుతాయని 1964లో ష్రోడర్ బృందం తెలిపింది. బ్లూమ్ సిండ్రోమ్‌లో కూడా అటువంటి లక్షణాన్ని 1965లో జర్మన్ బృందం వెల్లడించింది. అంటే ఒకే కాలంలో, ఒకే రకమైన ఆనవాలు ఒకచోట వంశపారంపర్య వ్యాధికి చిహ్నం, మరొకచోట పాత్రలో చేరిన సూక్ష్మజీవి చేసిన పని. స్లైడు మీద విరిగిన క్రోమోసోము తన చరిత్ర తాను చెప్పదు. వైరస్‌లు, రసాయనాలు, వికిరణం క్రోమోసోములను విరుస్తాయా అని ఆ దశాబ్దంలో జరిగిన పరిశోధనలన్నిటికీ ఇదే ప్రశ్న ఎదురైంది.

ఆవేశపడిన ఊహలూ వచ్చాయి. 1966లో ఆలిసన్, పేటన్, మైకోప్లాస్మా సోకిన కణాల్లోని మార్పులకు డౌన్ సిండ్రోమ్ కారణాలతో సంబంధం ఉండవచ్చునని సూచించారు. ఆ ఊహ నిలబడలేదు. చాలామందిలో ఆ స్థితికి మూలం క్షయకరణ విభజనలో, ఎక్కువగా తల్లి అండం ఏర్పడేటప్పుడు, 21వ క్రోమోసోములు విడిపోకపోవడమేనని మనకు ఇప్పుడు తెలుసు. గాజుపాత్రలో జరిగినది శరీరంలోనూ జరుగుతుందని అనుకోరాదు.

టీకాల విషయంలో కూడా ఇది ముఖ్యమే. ఫిలడెల్ఫియాలోని విస్టార్ సంస్థలో లియొనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ 1961లో సాధారణ మానవ కణాలు పరిమితమైన సార్లు మాత్రమే విభజన చెందుతాయని, అంతకాలమూ వాటి 46 క్రోమోసోములు చెక్కుచెదరవని చూపారు. ఆ తరహా కణాలైన డబ్ల్యు.ఐ.-38, బ్రిటన్‌లో జేకబ్స్ అభివృద్ధి చేసిన ఎం.ఆర్.సి.-5 టీకాల తయారీకి ఆధారమయ్యాయి. క్రోమోసోములు సక్రమంగా ఉండటమే ఆ కణాలు సురక్షితమని చెప్పడానికి ఒక ముఖ్య ఆధారం. కాబట్టి వాటిలో మైకోప్లాస్మా లేదని నిరూపించడం విడదీయరాని షరతు అయింది. హేఫ్లిక్ స్వయంగా మైకోప్లాస్మా నిపుణుడు కావడం యాదృచ్ఛికమే అయినా ఉపకరించింది. మనిషిలో ఒక రకం న్యుమోనియాకు కారణమైన మైకోప్లాస్మాను 1962లో అగార్‌పై పెంచిన ముగ్గురిలో ఆయన ఒకరు.

ఇక రోగి సంగతి. రక్త వర్ధనం పాడైతే మళ్లీ రక్తం తీయవచ్చు. ఉమ్మనీటి కణాల వర్ధనం సంగతి వేరు. నమూనా తీసేది సాధారణంగా 16వ వారం తర్వాత. ఫలితానికి మరో రెండు వారాలు పట్టవచ్చు. మన దేశంలో 1971 నాటి గర్భస్రావ చట్టం 20 వారాల పరిమితి విధించింది. 2021 సవరణ కొన్ని వర్గాల స్త్రీలకు దాన్ని 24 వారాలకు పెంచి, పిండంలో తీవ్రమైన లోపాలను వైద్య మండలి నిర్ధారించినప్పుడు ఆ పరిమితి వర్తించదని చెప్పింది. సవరణకు ముందు ఒక వర్ధనం కలుషితమైతే ఆ తల్లికి నిర్ణయం తీసుకునే వ్యవధే మిగలకపోవచ్చు. శుభ్రత అనేది ప్రయోగశాల మర్యాద మాత్రమే కాదని ఈ ఉదాహరణ చెబుతుంది.

9. పట్టుకునే పద్ధతులు

మొదట వాడినది అగార్ పద్ధతి. మైకోప్లాస్మా సహనివేశాలు అగార్‌పై వేయించిన గుడ్డు ఆకారంలో, మధ్యలో ఒత్తుగా కనిపిస్తాయి. ఇందుకు వారాలు పడుతుంది. హయోరైనిస్ రకాల్లో కొన్ని అగార్‌పై సరిగా పెరగవు.

1977లో టి.ఆర్. చెన్ సులువైన మార్గం చూపాడు. హోక్స్ట్ 33258 అనే ప్రతిదీప్తి రంజకం డి.ఎన్.ఎ.కు అంటుకుంటుంది. శుభ్రమైన కణంలో కేంద్రకం మాత్రమే వెలుగుతుంది. కలుషిత కణంలో కేంద్రకం చుట్టూ, కణద్రవ్యం మీద, కణాల మధ్య చిన్న చిన్న చుక్కలు మెరుస్తాయి. ఇదే రంజకాన్ని 1973లో శామ్యూల్ లాట్ క్రోమోసోముల ద్విగుణీకరణ అధ్యయనానికి వాడాడు. క్రోమోసోములను చూడటానికి వచ్చిన సాధనమే వాటి శత్రువును కూడా చూపించింది. ఆ తర్వాత పి.సి.ఆర్. వచ్చి ఈ పరీక్షను కొన్ని గంటల పనిగా మార్చింది. పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం వంటి కణ భాండాగారాలు ఏర్పడ్డాక, మూలం తెలిసిన కణవరసలు తెచ్చుకునే వీలు మన దేశంలోనూ కలిగింది. అయినా సమస్య తీరలేదు. వాడుకలో ఉన్న కణవరసల్లో 15 నుంచి 35 శాతం వరకు మైకోప్లాస్మా సోకి ఉంటాయని సాధారణంగా చెప్పే అంచనా.

కాలుష్యం బాక్టీరియా వల్లనే రానక్కరలేదు. 1966లో స్టాన్లీ గార్ట్‌లర్ అనేక కణవరసలు నిజానికి హీలా కణాలేనని ఎంజైము రకాన్నిబట్టి చూపాడు. ఫోగ్‌లు వాడిన ఎఫ్.ఎల్. కూడా ఉల్బపు కణాలు కాదని, హీలా కణాలేనని తర్వాత తేలింది. దీనివల్ల మైకోప్లాస్మా గురించి వారు చెప్పినది తప్పు కాదు. సోకిన కణాలనూ సోకని కణాలనూ పక్కపక్కన పోల్చారు కాబట్టి ఆ ఫలితం నిలబడింది. నియంత్రణ వర్ధనం విలువ ఏమిటో దీనినిబట్టి తెలుసుకోండి.

10. రోగిదా, వర్ధనానిదా?

ఈ చరిత్ర నుంచి వచ్చిన ఆచరణ నియమాలు ఇవి:

1. ఒకే నమూనాతో కనీసం రెండు వర్ధనాలు వేరువేరుగా ప్రారంభించాలి. పుట్టుకతో వచ్చిన మార్పు రెండింటిలోనూ కనిపిస్తుంది. ఒకదానికే పరిమితమైతే అనుమానించాలి.
2. పుట్టుకతో వచ్చిన మార్పు సాధారణంగా కణం తర్వాత కణంలో ఒకే రూపంలో ఉంటుంది. కాలుష్యం కలిగించే విచ్ఛేదాలు ఒక్కో కణంలో ఒక్కో చోట, చెల్లాచెదురుగా ఉంటాయి.
3. విచ్ఛేదాలే వ్యాధి లక్షణమైనప్పుడు, ఆరోగ్యవంతుడి రక్తాన్ని అదే రోజు, అదే యానకంలో పెంచి పోల్చాలి.
4. దీర్ఘకాలం పెంచే వర్ధనాలకు మైకోప్లాస్మా పరీక్ష క్రమం తప్పకుండా చేయాలి. కొత్తగా వచ్చిన కణవరసను ఫలితం తెలిసేవరకు విడిగా ఉంచాలి.
5. యాంటీబయాటిక్‌ను శుభ్రతకు బదులుగా వాడరాదు.

సారాంశం

1940లకు ముందు కాలుష్యం వర్ధనాన్ని చంపేది. యాంటీబయాటిక్‌ల తర్వాత అది వర్ధనాన్ని బతకనిచ్చి, ఫలితాన్ని మార్చింది. మైకోప్లాస్మాలు అర్జినైన్‌ను హరించి, కేంద్రకామ్లాలను ఛేదించి, క్రోమోసోముల సంఖ్యలోను నిర్మాణంలోను మార్పులు తెస్తాయి. 1956లో వాటి ఉనికి, 1965లో వాటి ప్రభావం తెలిశాయి. ఆ ఎడంలో వెలువడిన ప్రతి పరిశీలననూ తప్పని అనలేం. పక్కన నియంత్రణ వర్ధనం ఉందా, కాలుష్య పరీక్ష జరిగిందా అని మాత్రం అడగాలి. నేడు మీరు ఏ క్రోమోసోమ్ నివేదికను చదివినా అడగవలసిన మొదటి ప్రశ్న కూడా అదే.

నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది వాటికి 10 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. కనిపించే కాలుష్యానికి, దాగి ఉండే కాలుష్యానికి భేదాలు తెలపండి.
2. అర్జినైన్ కొరత క్రోమోసోములపై చూపే ప్రభావాన్ని వివరించండి.

II. కింది వాటికి 30 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. మైకోప్లాస్మా కాలుష్యం, క్రోమోసోమ్ అధ్యయనాల మధ్య సంబంధం 1956–1977 మధ్య ఎలా వెల్లడైందో చర్చించండి.
2. క్రోమోసోమ్ విచ్ఛేదాలు రోగికి చెందినవా, వర్ధనానికి చెందినవా అని నిర్ధారించే పద్ధతులను ఉదాహరణలతో వివరించండి.